పుండే ఆ ఈగకు పుట్టిల్లు: కోలారు జిల్లా పంచాయతీ సీఈఓ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి,

శ్రీనివాసపురం తాలూకా గౌనిపల్లి నుంచి రాస్తున్నాను.

ఆఫీసుల్లో కన్నడం, ఇంట్లోనూ సంతలోనూ తెలుగు. ఆంధ్ర సరిహద్దు దగ్గరి మా తాలూకాలో చాలామంది బతుకు ఇట్లాగే నడుస్తుంది. అందుకే ఈ లేఖ కన్నడ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపి, తెలుగు ప్రతిని ఇట్లా బయట పెడుతున్నాను. ఇందులో మీరు చేయవలసినవి కొన్ని ఉంటే, మా ఊళ్లవాళ్లు మానుకోవలసినవి అంతకు రెట్టింపు ఉన్నాయి. వాళ్లు చదవకపోతే మీరు చదివీ లాభం లేదు.

విషయం కుక్కల పుండ్లలో పడే పురుగులు. బోర్లు వెయ్యి అడుగులు దాటినా తడి తగలని జిల్లాలో, టమోటా ధర పొద్దున ఒకటి సాయంత్రం ఒకటిగా ఉండే జిల్లాలో, ఊరకుక్క పుండు గురించి సీఈఓకు లేఖా అని ఎవరైనా నవ్వితే తప్పు పట్టను. చివరిదాకా చదివి నవ్వమంటాను.

నాది పంటల మందులు, పశువుల దాణా అమ్మే అంగడి. వానలు పట్టుకున్నాయంటే ఎవరో ఒకరు వచ్చి గడపలో నిలబడతారు. "అన్నా, కుక్కకు పుండు పడింది. పురుగులు లుకలుకమంటున్నాయి. ఏదన్నా గట్టి మందియ్యి." గట్టి మందంటే వాళ్ల మనసులో ఉండేది టమోటా కాయ పురుగుకు కొట్టే సైపర్‌మెత్రిన్, లేకపోతే మొదళ్లలో వేసే గుళికలు. పురుగు ఎక్కడున్నా పురుగే కదా అన్నది లెక్క. ఇవ్వనంటే పక్క ఊళ్లో తెచ్చుకుంటారు, అదీ కాకపోతే ఇంట్లో ఉన్న ఫినాయిలు, సీమనూనె, బండిలోంచి తీసిన పెట్రోలు పోస్తారు. పోసినవాడికి కుక్కమీద కోపమేమీ ఉండదు. నిజానికి అది దయతో చేసిన పనే. కుక్క కుయ్యోమంటూ పరుగెత్తి ఏ తోటలోనో పడి చస్తుంది. పురుగుల వల్ల చచ్చిందని ఊరంతా అనుకుంటుంది. సగం చావు మందుదని ఎవరూ అనుకోరు.

పంటమీద కొట్టే మందు పచ్చి పుండులోంచి నేరుగా రక్తంలోకి దిగుతుంది. నోట నురగ, వణుకు, కాళ్లు కొట్టుకోవడం, ఆ తర్వాత ఊపిరి ఆగడం. గుళికల మందు అయితే గంటల మీద పని ముగించేస్తుంది. ఫినాయిలూ పెట్రోలూ పురుగును చంపినా చుట్టూ ఉన్న బతికిన కండను కాల్చేస్తాయి. లోపల చచ్చిన పురుగులు అక్కడే కుళ్లుతాయి. పైన చూస్తే పుండు ఎండినట్టే ఉంటుంది, లోపల చీము పాకుతూ ఉంటుంది.

ఈమధ్య దీనికి తోడు ఫోన్లో వీడియోలు వచ్చాయి. కుక్క ఒళ్లంతా బొబ్బలు, ఒక్కొక్క బొబ్బను వేళ్లతో పిండితే ఒక్కొక్క తెల్లటి పురుగు బయటికి. వాటి పేరు 'మ్యాంగో వర్మ్స్' అని రాసి ఉంటుంది. మాది మామిడి తాలూకా. పేరు చూడగానే, మన తోటల్లో రాలిన పళ్లవల్లే కుక్కలకు ఈ రోగమని ప్రచారం మొదలైంది. కుర్రాళ్లు పుండ్లను పిండడమూ మొదలుపెట్టారు. ఆ వీడియోలు ఆఫ్రికావి. ఆ పురుగు తుంబు ఈగది, సహారా ఎడారికి దక్షిణాన ఉండే దేశాలే దాని నివాసం. అది మలమూత్రాలు పడిన ఇసుకలో గుడ్లు పెడుతుంది, పిల్లపురుగు గాయం లేని చర్మాన్నే తొలుచుకుని లోపలికి పోతుంది, బొబ్బకొకటి చొప్పున విడివిడిగా కూర్చుంటుంది. అందుకే పిండితే వస్తుంది. మన కుక్కలకు వచ్చేది అది కాదు. దానికీ మామిడికీ సంబంధం లేదు. మన పురుగు గుంపుగా ఉంటుంది, కండలోకి తలదూర్చి ఉంటుంది. పిండితే పురుగు తెగి సగం లోపలే ఉండిపోతుంది, కండ చిట్లిపోతుంది.

మరి మన ఈగ ఏది? నీలి ఆకుపచ్చ మెరుపుతో, మామూలు ఇంటి ఈగకన్నా కాస్త లావుగా, నారింజ రంగు మొహంతో ఉండే ఒక ఈగ. శాస్త్రం దాన్ని క్రైసోమియా బెజియానా అంటుంది. 1914లో విల్నవ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పేరు పెట్టాడు. మన దేశంలో మనుషులకూ పశువులకూ పుండ్లలో పురుగులు పెట్టే ప్రధాన దోషి ఇదేనని 1920లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాసినవాడు డబ్ల్యు.ఎస్. పాటన్. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన వైద్యాధికారి ఆయన. అంటే నూరేళ్లకు పైబడి దీని సంగతి తెలుసు.

ఈ ఈగ గురించి ఒక్క ముక్క అందరూ గుర్తుపెట్టుకోవాలి. మామూలు మాంసపు ఈగలు చచ్చిన కళేబరంలో, చెత్తలో, కోళ్ల అంగడి వ్యర్థాల్లో పెరుగుతాయి. ఇది అట్లా పెరగదు. బతికున్న జంతువు కండ లేకపోతే దీని సంతానం నిలవదు. పెట్ట ఈగ, ఎక్కువగా సాయంత్రం పూట, పుండు అంచున నూటయాభై రెండువందల గుడ్లు అతికించి పోతుంది. మర్నాటికల్లా అవి పగులుతాయి. ఆరేడు రోజులు కండ తిని బలిసి, పురుగు తనంతట తానే నేలమీద పడుతుంది. మట్టిలోకి దూరి గూడు కట్టుకుంటుంది. మన వేడికి వారం పైచిలుకులో రెక్కలొచ్చి లేస్తుంది. మొత్తం మూడు వారాల కథ. పెద్ద పుండే అక్కర్లేదు, పిడుదు కరిచిన చోటు చాలు. మెడకు కట్టిన తీగ ఒరిసిన గీత, కొట్లాటలో చినిగిన చెవి, ఈనిన కుక్క వెనకభాగం, ఏదైనా చాలు. చెవి వెనక, నడినెత్తిన, మెడమీద ఎక్కువగా పడతాయి, ఎందుకంటే కుక్క నాలుక అందని చోట్లవి.

పురుగులు పడితే పుండు శుభ్రమవుతుందిలే అని పెద్దవాళ్లు కొందరు అంటారు. ఆ మాటలో కొంచెం నిజముంది, వేరే ఈగ విషయంలో. ఆస్పత్రుల్లో మధుమేహం పుండ్లను శుభ్రం చేయడానికి ప్రయోగశాలలో పెంచిన లూసీలియా ఈగ పురుగుల్ని వాడే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది. ఆ పురుగు చచ్చిన కండనే తింటుంది. మన బెజియానా పచ్చి కండ తింటుంది. వదిలేస్తే నెత్తిమీద పుండు పుర్రె ఎముక దాకా పోతుంది.

ఇక్కడ ఒక పక్కదారి. ఈగలంటే మండిపడే ముందు మా తాలూకావాళ్లు ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. మామిడి పూతకు పుప్పొడి మోసేవాటిలో బెజియానాకు దగ్గరి చుట్టమైన ఇంకో క్రైసోమియా ఈగ ఉంది. తైవాన్‌లాంటి చోట్ల మామిడి రైతులు దాన్ని కావాలనే తోటల్లోకి రప్పించుకుంటారు. కాబట్టి కనిపించిన ఈగనల్లా చంపే మందు కొట్టమని నేను అడగడం లేదు. అది జరిగే పనీ కాదు, మా పూతకు మంచిదీ కాదు.

నేను చెప్పదలచిందల్లా ఇది. ఈ ఈగకు పుట్టిల్లు చెత్తకుప్ప కాదు, పుండు. ఊళ్లో మందు లేకుండా వదిలేసిన ఒక్కొక్క కుక్క పుండూ వందల కొద్దీ కొత్త ఈగల్ని లేపుతుంది. మూడు వారాల తర్వాత అవి ఎక్కడ వాలతాయి? అప్పుడే పుట్టిన దూడ బొడ్డుమీద. గాలికుంటు వచ్చిన ఆవు గిట్టల సందున. కొమ్ము విరిగిన ఎద్దు నెత్తిన. 2022లో లంపీ స్కిన్ రోగం కర్ణాటకంతా తిరిగినప్పుడు గడ్డలు పగిలిన చోట పురుగులు పడి అల్లాడిన ఆవుల్ని చూడని పాడి రైతు మా వైపు తక్కువ. మంచం పట్టిన ముసలివాళ్లకూ, చక్కెర వ్యాధితో కాలు మొద్దుబారిన వాళ్లకూ పుండ్లలో పడేది ఇదే ఈగ. పాలమీద బతికే జిల్లాలో కుక్క పుండుకు మందు రాయడం జాలి పని మాత్రమే అనుకుంటే లెక్క తప్పినట్టే. అది పాడిని కాపాడే పని.

ప్రపంచం దీన్ని ఎంత పెద్ద విషయంగా చూసిందో కొంచెం చెబుతాను. అమెరికా ఖండాల్లో దీనికి దాయాది ఈగ ఒకటుంది. పెట్ట ఈగ బతుకులో ఒకేసారి జతకడుతుందన్న సంగతి పట్టుకుని నిప్లింగ్, బుష్‌లాండ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మగ ఈగల్ని రేడియేషన్‌తో గొడ్డువి చేసి కోట్లకొద్దీ వదలడం మొదలుపెట్టారు. 1954లో కురసావ్ దీవిలో అది ఫలించింది, తర్వాత అమెరికా, మెక్సికో, పనామా దాకా ఆ ఈగను తుడిచిపెట్టారు. ఆ ఇద్దరికీ 1992లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ ఇచ్చారు. అంత చేసినా అది మళ్లీ పాకి 2024 నవంబరులో మెక్సికోలో కనబడింది. అమెరికా తన సరిహద్దులో పశువుల రాకనే ఆపేసింది. కోట్ల ఈగల్ని వదిలే కర్మాగారం మనం కట్టలేం. పుండ్లను కడగగలం.

కడగడం ఎట్లాగో చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను. బస్టాండు దగ్గర టీ అంగడి వెనక పడుకునే నల్ల కుక్క ఒకటి కొద్దిరోజులుగా తల విదిలిస్తూ తిరిగేది. దగ్గరికొస్తే గబ్బు, తియ్యగా కుళ్లిన వాసన, ఒకసారి తెలిస్తే మళ్లీ మరిచిపోయేది కాదు. పశువైద్యుడొకాయన సెలవు రోజున మా ఊరికి వచ్చి ఉంటే బతిమాలి తీసుకొచ్చాం. ఆయన ముందు చేసింది కుక్కను పట్టుకోవడం కాదు, మమ్మల్ని అడగడం. కుక్క తిండి తింటోందా, నీళ్లు తాగుతోందా, నోట చొంగ కారుతోందా, ఎవరినైనా ఊరికే కరిచిందా? పిచ్చికుక్క కాదని నిదానించుకున్నాకే చేతికి గ్లౌజులు తొడిగాడు. గుడ్డ పేలికతో మూతి కట్టాడు, ఊపిరి ఆడేంత వదులుగా. కత్తెరతో చుట్టూ వెంట్రుకలు కోశాక కనబడింది అసలు పుండు. పైన రూపాయి బిళ్లంత రంధ్రం, లోపల చెవి కిందిదాకా గుల్ల. ఆ రంధ్రం నిండా పురుగుల వెనక కొనలు పక్కపక్కనే, చిన్న నల్ల చుక్కలతో, ఒక్కసారిగా ముందుకూ వెనక్కూ కదులుతున్నాయి. ఆ చుక్కలు వాటి ముక్కులన్నమాట. తల కండలో, ఊపిరి వెనకనుంచి.

ఆ ఊపిరి సంగతే చికిత్సకు కీలకం. ఆయన కొద్దిగా, చాలా కొద్దిగా, టర్పెంటైన్ నూనె అద్దిన గాజుగుడ్డను రంధ్రం మూతిలో పెట్టి కొన్ని నిమిషాలు ఆగాడు. గాలి అందక, ఘాటు పడక, పురుగులు పైకి జరిగాయి. ఒక్కొక్కదాన్ని చిమటాతో నిదానంగా పట్టి, తెగకుండా లాగాడు. సీసాలు సీసాలు సెలైన్‌తో లోపలంతా కడిగాడు. ఆ తర్వాత పోవిడోన్ అయోడిన్‌ను పలుచటి టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి మళ్లీ కడిగాడు. తీసిన పురుగుల్ని పక్కన పారెయ్యబోతే నన్ను ఆపాడు. వేడినీళ్ల డబ్బాలో వేయించాడు. నేలమీద వేస్తే మట్టిలోకి దూరి ఈగలై లేస్తాయి కదా, అంతసేపూ పడిన కష్టం ఊరికే పోతుంది. చివర పుండులోకి పురుగుల పొడి కొద్దిగా చల్లి, అంచుల చుట్టూ ఈగ వాలకుండా స్ప్రే కొట్టి, పుండు మూసి కట్టకుండా వదిలాడు. కుక్క కాలితో గోక్కోకుండా పాత ప్లాస్టిక్ బకెట్ అడుగు కోసి మెడకు తొడిగాడు. మర్నాడు చూస్తే మళ్లీ పురుగులు. ముందురోజు లోపలి మూలల్లో మిగిలినవి, గుడ్లలోంచి కొత్తగా వచ్చినవి. జనం ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. ఒకసారి కడిగి మందేశాం, మళ్లీ వచ్చాయి, ఇక దీని ఖర్మ అంటారు. రోజూ చూస్తూ పోతే పుండు అడుగున ఎర్రటి కొత్త కండ వస్తుంది. ఆ నల్ల కుక్కకు వచ్చింది.

మందుల గురించి కూడా నేను అంగడివాణ్ణి గనుక నాలుగు మాటలు. నెగసంట్ పొడి పల్లెల్లో అందరికీ తెలుసు. అందులో ఉండేవి కౌమాఫాస్, ప్రొపాక్సర్ అనే రెండు పురుగుమందులు, సల్ఫానిలమైడ్ అనే క్రిమినాశిని. బాగా పనిచేస్తుంది, కానీ డబ్బా బోర్లిస్తే అదీ విషమే. కుక్క నాకితే విషం లోపలికి పోతుంది, అందుకే మెడకు ఆ బకెట్ చుట్ట. సీతాఫలం ఆకు నూరి పెట్టడం మన అవ్వల కాలం నుంచీ ఉంది, ఆకులోనూ గింజలోనూ పురుగును చంపే గుణమున్నమాట నిజం. గింజల పొడి కంట్లో పడితే మాత్రం కంటిపొర దెబ్బతింటుంది. ముఖానికి దగ్గరి పుండుకు దాన్ని వాడొద్దు. మనుషుల నొప్పి మాత్రలు, ముఖ్యంగా డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ కుక్కకు పెట్టొద్దు. కడుపులో పుండ్లు, మూత్రపిండాల దెబ్బ. సెలైన్ దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, చిన్న చెంచాతో ఒకటిన్నర, కలిపితే చాలు.

అన్నిటికన్నా నాకు భయం ఐవర్‌మెక్టిన్ సూదితో. ఆవుల కోసం తెచ్చిన సీసా చాలా ఇళ్లలో ఉంటుంది. ఆవుకు 50 కిలోల బరువుకు ఒక మిల్లీలీటరు. ఆ అలవాటుతో "కుక్క చిన్నది కదా, ఒక్క మిల్లీ చాలు" అని గుచ్చేస్తారు. పది కిలోల కుక్కకు ఆ ఒక్క మిల్లీ, ఆవు లెక్కన చూసినా అయిదింతలు. కోలీ జాతి రక్తమున్న కుక్కల్లో కొన్నింటికి ఈ మందు మెదడుకు ఎక్కి ప్రాణం తీస్తుంది. ఈ సూది డాక్టరు చేతిలోనే ఉండాలి. పిడుదులకూ పేలకూ ఇచ్చే కొత్త మాత్రలున్నాయి, ఫ్లూరలానర్, అఫాక్సొలానర్ వంటివి. పురుగులకు కూడా వీటిని డాక్టర్లు వాడుతున్నారు, లోపల దాక్కున్నవీ చస్తాయి. ధర ఊరకుక్కకు కొనేంత తక్కువేమీ కాదు.

ఇప్పుడు మీతో పని.

సీఈఓ గారూ, స్వసహాయ సంఘాల నుంచి వచ్చిన పశు సఖులు పంచాయతీల్లో పనిచేస్తున్నారు. ఆవుల సంగతి, మేకల సంగతి వాళ్లకు తెలుసు. పుండును పసిగట్టడం, మూతి కట్టడం, కడగడం, ఏ పరిస్థితిలో చెయ్యి పెట్టకుండా డాక్టరును పిలవాలో తెలుసుకోవడం, ఈ నాలుగూ వాళ్లకు ఒక్కరోజు శిక్షణలో నేర్పించవచ్చు. మందు నిర్ణయించడం, సూది వేయడం రిజిస్టరు అయిన పశువైద్యుల పనేనని 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం చెబుతోంది, దాన్ని దాటమని నేను అనడం లేదు. ప్రథమ చికిత్స చాలు. ఒక షరతు మాత్రం మరువకూడదు. కుక్కలమీద చెయ్యి పెట్టే ప్రతి మనిషికీ ముందుగానే రేబిస్ టీకా వేయించాలి. అది వేయించకుండా వాళ్లను పుండ్ల మీదికి పంపితే అంతకన్నా పెద్ద తప్పు ఉండదు. టీకా ఉన్నవాళ్లయినా కరిస్తే, గీరితే, తమ ఒంటిమీది పుండుపై చొంగ పడితే సబ్బుతో పావుగంట కడుక్కుని ఆస్పత్రికి పోవాల్సిందే. ముందస్తు టీకా లేనివాళ్లయితే కుక్క కరిచిన రోజు, 3వ, 7వ, 28వ రోజు సూదులు మానకూడదు.

సామాన్లు ఎక్కడుంచాలి? పంచాయతీ ఆఫీసుకు తాళం పడుతుంది. పాల డైరీ తెల్లవారకముందే తెరుస్తారు, సాయంత్రం మళ్లీ తెరుస్తారు, ఊరంతా అక్కడికి వస్తుంది. గ్లౌజులు, కత్తెర, చిమటా, గాజుగుడ్డ, సెలైన్, పోవిడోన్, స్ప్రే, ఒక డబ్బా నెగసంట్, ఒక మూతిపట్టీ. ఇవన్నీ ఒక సంచిలో పట్టి డైరీలో వేలాడదీయవచ్చు. పాల సమాఖ్యతో మాట్లాడి ఈ సంచి ఖర్చు పంచాయతీ భరించేట్టు, డైరీ దాచేట్టు మీరు ఒక ఆదేశం ఇవ్వగలరు. అదే సంచి దూడ బొడ్డుకూ పనికొస్తుంది, కుక్కకు ఖర్చేమిటని గొణిగే సభ్యులకు ఆ జవాబు చెప్పండి.

మూడో సంగతి, ఇది అన్నింటికన్నా తొందరది. 2023 మార్చిలో కొత్త జంతు జనన నియంత్రణ నియమాలొచ్చాయి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఊరకుక్కలకు సంతాన నిరోధ శస్త్రచికిత్స, టీకా వేసి, రేబిస్ ఉన్నవీ దూకుడు స్వభావమున్నవీ తప్ప మిగతావాటిని పట్టుకున్నచోటే వదలమంది. నవంబరులో బడులు, ఆస్పత్రులు, బస్టాండ్ల ఆవరణల్లోంచి కుక్కల్ని తీసేయమంది. కుక్కలుండాలా వద్దా అన్న వాదనలోకి నేను పోను, అది మా ఊళ్లో కులం గొడవంత వేడెక్కింది. ఎవరి పక్షమైనా ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఇక మీదట మన జిల్లాలోనూ వందల కుక్కల పొట్టలకు కోతలు పడతాయి. కోత అంటే ఈగకు తెరిచిన తలుపు. వానాకాలంలో కుట్లు మానకముందే వదిలిన కుక్క పురుగులు పడి చస్తే, ఆపరేషన్లమీదే ఊరికి నమ్మకం పోతుంది. మీరు ఏ సంస్థతో ఒప్పందం చేసుకున్నా, కుట్లు మానేదాకా ఈగలు చొరబడని జాలీ గదిలో ఉంచాలనీ, వదిలాక ఆ వీధిలో మళ్లీ ఒకసారి చూసి రావాలనీ ఒప్పందంలో రాయించండి. బిల్లు చెల్లించేముందు అది జరిగిందో లేదో పంచాయతీ అభివృద్ధి అధికారి (పీడీఓ) సంతకంతో చూడండి. ఇంకా ఒక్కటి, అడక్కుండా ఉండలేను. వీలైనంతవరకూ ఈ ఆపరేషన్లు ఎండాకాలం పెట్టండి.

1962కు ఫోన్ చేస్తే పశు సంజీవిని బండి వస్తుందని మా ఊళ్లో చాలామందికి తెలుసు. అది ఆవులకూ గొర్రెలకూ మాత్రమే అనుకుంటారు. కుక్క పుండుకు కూడా పిలవవచ్చా, పిలిస్తే ఎవరు వస్తారు, తాలూకా పశు ఆస్పత్రికి తీసుకుపోతే ఏ వేళల్లో చూస్తారు, ఇవన్నీ ప్రతి డైరీ గోడమీద కన్నడంలోనూ తెలుగులోనూ పెద్ద అక్షరాలతో రాయించండి. సరిహద్దు ఊళ్లలో తెలుగు రాత గోడమీద కనబడితే కన్నడానికి వచ్చే నష్టమేమీ లేదు, ఆవుకూ కుక్కకూ అంతకన్నా లేదు.

ఇది చదువుతున్న మా తాలూకా జనానికి నా మనవి వేరే. కుక్క ఊరికే తల విదిలిస్తున్నా, ఒకేచోట వంగి నాక్కుంటున్నా, దగ్గరికి వస్తే గబ్బు కొడుతున్నా, చెవుల వెనక, తోక కింద చూడండి. మీదే కుక్క అయితే ఈరోజే చూడండి, రేపటికల్లా పుండు రెండింతలవుతుంది. ముఖం మీద, కంటి దగ్గర, నోట్లో పుండుంటే సొంత వైద్యం చేయొద్దు. కరిచే కుక్క దగ్గరికి పోవద్దు. పిల్లల్ని అసలే పోనీయొద్దు. మీ కుక్క మెడకు ప్లాస్టిక్ తాడు, ఇనుప తీగ కట్టొద్దు, ఇప్పటికే కట్టి ఉంటే ఈ లేఖ పక్కన పెట్టి ముందు దాన్ని కోసెయ్యండి. మా అంగడికి వచ్చి గట్టి మందు అడగొద్దు. ఇవ్వను. సెలైన్ అడగండి, పోవిడోన్ అడగండి, డాక్టరు ఫోను నంబరు అడగండి, అవి ఇస్తాను.

సీఈఓ గారూ, వచ్చే వానల లోపల మా హోబ్లీలో ఒక్క పంచాయతీలోనైనా ఈ సంచి పెట్టించి చూడండి. గౌనిపల్లిలో పెడితే మొదటి సంచి మందుల ఖర్చు నాది.

ఇట్లు,
గౌనిపల్లి దాణా అంగడి నుంచి
మీ విధేయుడు